చైను పడితే చైనును తిట్టొద్దు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరి వృత్తి గురించి వాళ్ళు పది నిమిషాలు మాట్లాడాలని మన సంఘం వాళ్ళు చెప్పినారు. నాకంటే ముందు గుండె డాక్టరు అన్న మాట్లాడినాడు, బ్యాంకు మేనేజరు అక్క మాట్లాడింది. నాది మోపెడ్ రిపేరు షాపు. 1985లో ఇక్కడ పదో తరగతి రాసి, నంద్యాలలో ఒక షాపులో నాలుగేండ్లు పని నేర్చుకుని, 1990లో మన ఊర్లో సొంతంగా పెట్టుకున్నాను. గుండె గురించి నాకు తెలియదు. వెనక చక్రం గురించి తెలుసు. అందుకే బల్ల మీద ఒక చక్రం, రెండు చైన్లు, ఒక స్కేలు, ఒక దారపుండ తెచ్చి పెట్టినాను. బల్లకు మరకలు కాకుండా కింద పేపరు పరిచినాను. హెడ్‌మాస్టరు గారు కోప్పడొద్దు.

మోపెడ్ అంటే ఏమి? ఇంజను పెట్టిన సైకిలు, అంతే. ఆ పేరులోనే మోటారు, పెడలు రెండూ ఉన్నాయి. మన రాయలసీమకు ఈ బండితో పాత చుట్టరికం ఉంది. మన తిరుపతిలోనే మోపెడ్స్ ఇండియా అనే కంపెనీ ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ నమూనాతో సువేగా బండ్లు చేసింది. 1972లో పూణె నుంచి కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు కూర్చునే మోపెడ్ అని. ఆ వంశంలోదే ఇప్పటి ఎక్సెల్ 100. అది 2015లో నాలుగు స్ట్రోకుల ఇంజనుతో వచ్చింది. పెడళ్ళు పోయినాయి, కిక్కు వచ్చింది, సెల్ఫు వచ్చింది. చైను మాత్రం పోలేదు.

ఇద్దరు కూర్చునే బండి అని కంపెనీ చెప్పింది. మనోళ్ళు దాని మీద ఏమేమి కూర్చోబెట్టినారో మీకు తెలుసు. పాల క్యాన్లు నాలుగు. బొరుగుల మూటలు, మనిషి కనపడనంత. పత్తికొండ వైపు టమోటా బుట్టలు. గడ్డిమోపు. గొర్రెపిల్లలు. ఒక సంసారం. దీనంతటినీ ముందుకు లాగేది వేలెడు వెడల్పు కూడా లేని ఈ చైను. ఇంజను ఎంత బలంగా తిరిగినా, ఆ బలం వెనక చక్రానికి చేరేది దీని మీదుగానే.

ఇక అసలు మాటకు వస్తాను. ఇది నేను నలుగురిలో ఎప్పుడూ చెప్పలేదు.

షాపు పెట్టిన కొత్తలో ఒక బట్టల వ్యాపారి నా దగ్గరికి వచ్చేవాడు. ప్రొద్దుటూరు నుంచి దుప్పట్లు, లుంగీలు తెచ్చుకుని పల్లెల్లో తిరిగి అమ్మేవాడు. పాత టీవీఎస్ 50. ఒకరోజు వచ్చి, "అబ్బా, చైను పడిపోతాంది, చూడు" అన్నాడు. చూసినాను. చైను వదులుగా ఉంది. ఒక లింకు తీసేసి బిగించినాను. పది రోజులకు మళ్ళీ వచ్చినాడు. ఈసారి చైను అరిగిపోయిందని చెప్పి కొత్తది వేసినాను. నెల తిరక్కుండా మూడోసారి వచ్చినాడు. "ఏమబ్బా, కొత్త చైను గూడా పడతాందే?" అన్నాడు. చైను కంపెనీదే తప్పని చెప్పి, ఇంకో కంపెనీ చైను వేసినాను. మూడుసార్లూ డబ్బు తీసుకున్నాను.

నాలుగోసారి ఆయన రాలేదు. కబురు వచ్చింది. మూటతో పోతా ఉంటే చైను పడి, వెనక పళ్ళ చక్రానికి, పుల్లలకు మధ్య ఇరుక్కుని చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కల్వర్టు దగ్గర పడినాడు. జబ్బ ఎముక విరిగింది. రెండు నెలలు మూట కట్టలేకపోయినాడు. ఆ రెండు నెలలూ ఆయన భార్య తల మీద మూట పెట్టుకుని నడిచి పల్లెలు తిరిగింది. మా షాపు ముందు నుంచే పోయేది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ బండి నా షాపులోనే ఉంది. విప్పడానికి చేతులు ఆడలేదు. అప్పుడు మన లెక్కల సారు లూనా ప్లగ్గు తుడిపించుకోను వచ్చినారు. ఇదిగో, ముందు వరుసలోనే కూర్చున్నారు. నా ముఖం చూసి విషయం అడిగినారు. చెప్పినాను. సారు అడిగిన ప్రశ్న ఒకటే: "ఏరా, చైను మూడుసార్లు చూసినావు, సరే. చక్రం ఎక్కడ నిలబడి ఉందో ఒక్కసారన్నా చూసినావా?"

చూడలేదు సార్, అన్నాను.

సారు షాపులో ఉన్న పురికొస తీసుకుని ఒక కొన నా చేతికిచ్చి ముందు స్ప్రాకెట్ దగ్గర పట్టుకోమన్నారు. రెండో కొన వెనక స్ప్రాకెట్ ముఖానికి ఆనించి, బిగువుగా లాగినారు. రెండు పళ్ళ చక్రాలూ ఒకే వరుసలో ఉంటే, దారం రెండింటినీ ఒకేలా తాకుతూ పోవాలి. ఇక్కడ వెనక చక్రం అంచును తాకింది గానీ ముందు దాని దగ్గర నాలుగు మిల్లీమీటర్ల సందు కనపడింది. తొమ్మిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన సరళరేఖ, నా షాపులో నా తప్పును చూపించింది.

విప్పి చూస్తే సంగతి తెలిసింది. ఎప్పుడో పంక్చరు వేసినప్పుడు చక్రం ఊడదీసి, తిరిగి బిగించేటప్పుడు ఇరుసు మీద ఉండాల్సిన చిన్న బుష్ పక్క మార్చి వేసినారు. వెనక స్ప్రాకెట్ ఆ నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. దానికి తోడు చైను బిగించే అడ్జస్టరు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తిరిగి ఉంది. చక్రం కొంచెం ఓరగా నిలబడింది. ఇంకొకరు వేసిన బుష్ అని నేను తప్పించుకోలేను. ఆ బండి మూడుసార్లు నా ముందుకు వచ్చింది. ఆ బుష్ ఖరీదు, నేను అమ్మిన చైన్లలో పదో వంతు కూడా లేదు.

ఆ రోజు నుంచి నేను ఒక వరుస పెట్టుకున్నాను. చైను పడిందని ఎవరు వచ్చినా ఈ వరుసలోనే చూస్తాను. మీ ఇంట్లో సైకిలు ఉన్నా, మోపెడ్ ఉన్నా, మోటారు సైకిలు ఉన్నా మీకూ పనికొస్తుంది.

మొదటిది, చైను అరుగుదల. చైను సాగింది అంటాము. నిజానికి ఇనుము సాగదు. ప్రతి లింకులో ఉన్న పిన్నూ, దాని చుట్టూ ఉన్న బుష్షూ అరుగుతాయి. ఒక్కొక్క చోట వెంట్రుక మందం అరిగినా, వంద చోట్ల కలిస్తే చైను పొడుగవుతుంది. దీన్ని కొలవడానికి స్కూలు స్కేలు చాలు. సైకిలు చైనులో, మోపెడ్లలో ఎక్కువగా వాడే చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అంటే ఇరవై నాలుగు లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు. ఒక పిన్ను నడిమికి సున్నా పెట్టి ఇరవై నాలుగు లెక్కపెట్టండి. కొత్త చైనులో పిన్ను పన్నెండు గీత మీద ఉంటుంది. ఇదిగో, ఈ పాత చైను చూడండి, గీత దాటిపోయింది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చే కాలం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాటితే చైను ఒక్కటే మారిస్తే చాలదు, అది పళ్ళను కూడా తినేసి ఉంటుంది. నేను ఆ బట్టల వ్యాపారికి చేసినట్టు ఒక లింకు పీకేసి బిగిస్తే పొడుగు తగ్గుతుంది గానీ, పిన్నుల మధ్య దూరం తగ్గదు. పంటికీ లింకుకూ లెక్క కుదరదు.

రెండోది, పళ్ళు. మంచి పన్ను రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. అరిగిన పన్ను కొడవలి మాదిరి ఒక పక్కకు వంగి ఉంటుంది. పంటి పక్క భాగం కూడా చూడండి. ఒక పక్క మాత్రమే మెరుస్తా ఉంటే, చైను ఆ పక్కకే రాసుకుంటా ఉందని అర్థం. అంటే వరుస తప్పింది. చైను పడకముందే బండి మనకు చెప్పే మాట ఇది.

మూడోది, దారం. సారు చూపించినట్టే. దారంతో పాటు ఇంకో కొలత కూడా తీస్తాను. వెనక ఫోర్కు తిరిగే బోల్టు నడిమి నుంచి చక్రం ఇరుసు నడిమి దాకా రెండు పక్కలా కొలుస్తాను. రెండూ సమానంగా రావాలి. ఫోర్కు మీద కంపెనీ వేసిన గీతలు ఉంటాయి. కొత్త బండికి అవి చాలు. పదేండ్లు మూటలు మోసి వంగిన ఫోర్కు మీద గీతల్ని నమ్మకూడదు. సైకిలుకైతే టైరుకూ ఫోర్కుకూ మధ్య సందు రెండు పక్కలా ఒకటిగా ఉందా అని చూస్తే సగం తెలుస్తుంది.

నాలుగోది, వదులు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. చైను ఒక చోట పట్టుకుని చూసి బిగించేస్తారు. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతా నాలుగైదు చోట్ల చూడాలి. ఒక చోట బిగువు, ఒక చోట వదులు ఉంటే, స్ప్రాకెట్ నడిమి తప్పి కూర్చుంది, లేదా చైనులో ఒక భాగం ఎక్కువ అరిగింది. అప్పుడు బాగా బిగువుగా ఉన్న చోటనే కొలత పెట్టాలి. మోపెడ్‌కు నేను అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు ఆడేటట్టు పెడతాను. బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించాలి. ఇంకో మాట. బండి మీద బరువు పడితే ఫోర్కు లేస్తుంది, చైను ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండికి సరిపోయిన చైను నాలుగు క్యాన్ల పాలు పెడితే వీణ తీగ అవుతుంది, బేరింగును తినేస్తుంది. అందుకే, "అన్నా, బండి మీద ఏం మోస్తావు?" అని అడిగి, ఇద్దర్ని కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాను.

ఐదోది, చైను లాకు. చేప ఆకారంలో ఉండే చిన్న క్లిప్పు. దాని మూసిన కొన చైను పోయే దిక్కుకు ఉండాలి, చీలిన కొన వెనక్కి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది.

ఇక మన నేల సంగతి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లు చూస్తే నాపరాయి పొడి చైను మీద తెల్లగా పట్టి ఉంటుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. వాన పడితే జిగురు, ఎండితే దుమ్ము. చైను మీద గ్రీసు దట్టంగా పూస్తే మంచిదని అనుకుంటారు. ఆ గ్రీసు దుమ్మును పట్టుకుంటుంది. రాతిపొడి, గ్రీసు కలిస్తే సానబట్టే ముద్ద అవుతుంది. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడవండి, ఆరనీయండి. తర్వాత 90 నంబరు గేరాయిల్ చైను లోపలి వైపు చుక్కలు చుక్కలుగా వేసి, చక్రం చేత్తో తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి. నూనె ఉండాల్సింది పిన్నుల లోపల, పైన కాదు. ఇంకోటి, ఇంజను స్టార్టు చేసి చైను తుడవొద్దు, ఎప్పుడూ వద్దు. గుడ్డ పోయిన దారిలోనే వేలు కూడా పోతుంది. అట్లా వేలి కొన పోగొట్టుకున్న మేస్త్రీలను చూసినాను.

రెండేండ్ల కింద మన బడి పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చినాడు. వాళ్ళ నాయన మందు కొట్టే పవర్ స్ప్రేయరు ఇంజను తీసి సైకిలుకు బిగించినాడు. వెనక చక్రం పుల్లలకే ఒక స్ప్రాకెట్ పట్టీలతో బిగించినాడు. రెండు కిలోమీటర్లకొకసారి చైను పడుతుంది. "తాతా, చైను మార్చమంటావా?" అని అడిగినాడు. నన్ను అప్పుడే తాతను చేసినాడు, సరే. నేను మార్చొద్దన్నాను. సైకిలు తలకిందులు పెట్టి చక్రం తిప్పమన్నాను. ఒక పుల్ల ముక్క ఫోర్కుకు కట్టి, దాని కొన స్ప్రాకెట్ అంచు దగ్గర పెట్టినాము. తిరిగేటప్పుడు స్ప్రాకెట్ ఒకసారి కొనకు దగ్గరికి వస్తా, ఒకసారి దూరం పోతా ఉంది. పక్కలకు ఊగుతాంది, పైకి కిందికి కూడా ఎగురుతాంది.

ముందు చక్రం బెండు తీసినాము. పుల్లలు వదులుగా ఉంటే వాటి మీద బిగించిన స్ప్రాకెట్ నిలబడదు. తర్వాత స్ప్రాకెట్‌కూ పుల్లలకూ మధ్య రెండు పక్కలా రబ్బరు వేసి, హబ్బు చుట్టూ సందు సమానంగా వచ్చేలా నడిమికి జరిపినాము. బోల్టులు ఒకదాని పక్కన ఒకటి కాకుండా, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించినాము. ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క లేస్తుంది, మూకుడు మూత మాదిరి. ఆఖర్న దారం లాగినాము. ఇంజను బిగించిన పట్టీ ఓరగా ఉందని తెలిసింది. దాని కింద ఒక రేకు ముక్క పెట్టినాము. పాత చైనే వేసినాము. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఆ పని చేసినాడు వాడు. నేను కూర్చుని చెప్పినాను, పానా ముట్టలేదు.

తర్వాత వాడితో ఇంకో మాట కూడా చెప్పినాను. మోటారు వాహనాల చట్టంలో 25 సీసీ దాటిన ఇంజను పెట్టిన రెండు చక్రాల బండి మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ కావాలి, లైసెన్సు కావాలి. నీ ఇంజను మీద ఎంత రాసి ఉందో చూడమన్నాను. 25 దాటే ఉంది. పైగా సైకిలు బ్రేకులు ఇంజను వేగానికి చేసినవి కావు. వాడు దాన్ని రోడ్డు మీద తిప్పడం లేదు. బడి సైన్సు ఎగ్జిబిషన్‌లో పెట్టినాడు. ఇంజను మళ్ళీ వాళ్ళ నాయన స్ప్రేయరుకు పోయింది. పత్తికి మందు కొట్టొద్దా మరి?

సభలో ఉన్న అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. వెనక కూర్చునే వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. మనం చీర గార్డు అంటాము. మూటలు కట్టడానికి అడ్డమని దాన్ని, చైను కవరును ఊడబీకి నా షాపులోనే పడేసి పోతారు. నేను తిరిగి బిగించి పంపిస్తాను. తిట్టుకున్నా సరే. కొంగు, చున్నీ చైనులో పడితే ఏమవుతుందో నేను ఇక్కడ వర్ణించను.

గురువులకు నా మనవి ఒకటి ఉంది. మన సంఘం ఈ ఏడు బడికి కంప్యూటర్లు ఇస్తా ఉంది, సంతోషం. దాంతో పాటు ఒక పాత వెనక చక్రం, ఒక చైను, రెండు స్ప్రాకెట్లు ఒక చెక్క మీద బిగించి నేను ఇస్తాను. నిష్పత్తులు చెప్పేటప్పుడు పళ్ళు లెక్కపెట్టించండి. సరళరేఖ చెప్పేటప్పుడు దారం లాగించండి. నెలకొక శనివారం నేను వచ్చి కూర్చుంటాను. చదువు రానోడే పానా పడతాడని ఒక మాట ఉంది. చదువుకున్న లెక్కను షాపులో వాడనందుకే నేను ఒక మనిషిని కింద పడేసినాను. ఆ మాట పిల్లలకు నా నోటితోనే చెబుతాను.

ఆ బట్టల వ్యాపారి సంగతి అడుగుతారేమో. ఆయన బండి బాగు చేసి ఇంటికి తోలుకుపోయి ఇచ్చినాను. మూడుసార్లు తీసుకున్న డబ్బు కూడా తిరిగి ఇవ్వబోయినాను. రెండుసార్లదే తీసుకున్నాడు. "ఒకటి నిజంగానే అరిగినాదిలే అబ్బా" అన్నాడు. తర్వాత చాలా ఏండ్లు నా దగ్గరికే వచ్చినాడు. వచ్చినప్పుడల్లా నేను దారం తీసేవరకు బండి దిగి పక్కన నిలబడేవాడు. దారం లాగి చూపించినాకే మూట కట్టుకునేవాడు.

నా పది నిమిషాలు ఎప్పుడో దాటినాయి. సభ అయిపోయినాక బయట మీ బండ్ల దగ్గర ఉంటాను. దారం నా జేబులోనే ఉంది. చూడాలనుకున్న వాళ్ళు రండి, డబ్బు అడగను.